గోదావరి డెల్టాలో భాగస్వామ్య నిర్మాణ పద్ధతి

భాగస్వామ్య నిర్మాణ పద్ధతి అనగా ఒక కట్టడాన్ని తలపెట్టిన యజమాని, ఇంజనీరు, పనివారు, దానిని వాడుకొనే ప్రజలు మొదటినుండి కలసి యోచించి, బాధ్యతను పంచుకొని పనిని పూర్తిచేసే విధానం. సాధారణ కాంట్రాక్టు పద్ధతిలో నక్షా ఒకరు గీస్తారు, తక్కువ ధరకు ఒప్పుకొన్న మరొకరు కడతారు. లోపం బయటపడినప్పుడు నష్టం ఎవరు భరించాలన్న వివాదం తలెత్తుతుంది. ఈ వివాదాన్ని తగ్గించడమే భాగస్వామ్య పద్ధతి ముఖ్యోద్దేశం. గోదావరి డెల్టాలో దీనికి పూర్వరూపాలు కనిపిస్తాయి.

ద్రాక్షారామం శాసనాలు

ద్రాక్షారామంలోని భీమేశ్వరాలయాన్ని తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీముడు (పాలన: క్రీ.శ. 892-922) నిర్మించాడని ప్రతీతి. ఆలయంలో వందలాది శాసనాలు ఉన్నవి. వీటిలో అనేకం అఖండ దీపాలకు సంబంధించినవి. దాత గొర్రెలను సమర్పించేవాడు. వాటిని స్వీకరించిన కాపరి, అతని వంశీకులు దీపానికి నిత్యం నెయ్యి పోయవలెను. ఒప్పందం అందరికీ కనిపించేటట్లు రాతిపై చెక్కబడేది. కట్టించినది ఒకరైనా, దాని నిర్వహణను పలువురు పంచుకొన్నారని ఈ శాసనాల వలన తెలుస్తున్నది.

ధవళేశ్వరం ఆనకట్ట

1832-33 నాటి నందన కరువు, 1839 నాటి ఉప్పెన గోదావరి మండలాన్ని కుంగదీశాయి. ఆ తరువాత సర్ ఆర్థర్ కాటన్ ప్రతిపాదించిన ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో పూర్తయినది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాల మొత్తం పొడవు 11,866 అడుగులు.

కాటన్ కోరిన సిబ్బందిలో కొద్దిమందినే ప్రభుత్వం ఇచ్చింది. అందువలన స్థానికుల నేర్పే పనికి ఆధారమైనది. వేలాది కూలీలను సమకూర్చి, పనిని పర్యవేక్షించిన వారిలో వీణెం వీరన్న ముఖ్యుడు. ఆయనకు తరువాత రాయ్ బహద్దూర్ బిరుదు లభించినది. లోతు తెలియని ఇసుకలో పునాది నిలిపే విధానాన్ని కావేరిపై ఉన్న ప్రాచీన కల్లణై ఆనకట్ట నుండి నేర్చుకొన్నామని కాటన్ స్వయంగా అంగీకరించాడు. 1848లో అనారోగ్యం వలన ఆయన సెలవుపై వెళ్ళగా, కెప్టెన్ ఓర్ పనిని కొనసాగించాడు. ప్రధాన ఇంజనీరు లేకున్నా పని ఆగకపోవడం గమనించదగినది.

సహకారం, నిర్బంధం

అయితే ఈ భాగస్వామ్యం సమానమైనది కాదు. శ్రమ ప్రజలది, నిర్ణయం ప్రభుత్వానిది. చెరువులు, కాలువలు గ్రామస్థులే బాగుచేసుకొనే ఆచారాన్ని మద్రాసు రాజధానిలో కుడిమరామత్తు అనేవారు. 1858 నాటి మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం ఈ ఆచారానికి శాసనబలం కల్పించింది. గట్లు తెగే ప్రమాదం ఏర్పడినప్పుడు గ్రామస్థులను పనికి రప్పించే అధికారం కూడా అధికారులకు లభించింది. ఇష్టపూర్వకంగా సాగిన పని ఇట్లు శిక్షాభయంతో కూడిన విధిగా మారినది.

నీటి వినియోగదారుల సంఘాలు

1997లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం నీటిపారుదల వ్యవస్థల రైతు యాజమాన్య చట్టాన్ని తెచ్చింది. దీని ప్రకారం ఆయకట్టు రైతులు నీటి వినియోగదారుల సంఘంలో సభ్యులవుతారు. భారీ ప్రాజెక్టులలో దానిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ప్రాజెక్టు కమిటీ ఉంటాయి. రైతులు, ఇంజనీరు కలసి కాలువ వెంట నడచి, ఏ తూము, ఏ గట్టు ముందు బాగుచేయాలో నిర్ణయించడం ఈ విధానంలోని ప్రధానాంశం. నీటితీరువాలో కొంత భాగం సంఘానికి చేరేటట్లు, లెక్కలు సభ్యుల ముందు ఉంచేటట్లు ఏర్పాట్లు చేయబడినవి. శ్రమతోపాటు నిర్ణయంలోనూ రైతుకు వాటా ఇవ్వడమే పాత కుడిమరామత్తుకు, దీనికి గల భేదం. కాలువ చివరి భూముల రైతుకు ఇది మరింత ముఖ్యం. ఎగువన పూడిక తీయకుంటే అతని చేనికి నీరు అందదు.

ఇతర దేశాలలో

లండన్‌లోని హీత్రూ విమానాశ్రయం ఐదవ టెర్మినల్ (2008లో ప్రారంభం) నిర్మాణంలో యజమాని సంస్థ నష్టభయాన్ని తానే వహించి, కాంట్రాక్టర్లందరినీ ఒకే బృందంగా పనిచేయించింది. ఈ పద్ధతి ఫలించుటకు మూడు షరతులు అవసరమని సాధారణంగా చెబుతారు. అవి: పాల్గొనేవారిని ఆరంభంలోనే చేర్చుకొనుట, లెక్కలు దాచకుండుట, లాభనష్టాలు పంచుకొనుట.