ఇరువది యేండ్లు వేచిన ఏంటెనా

ఇంటిపై వెదురుకఱ్ఱకు కట్టిన రేడియో ఏరియల్‌ను ఎఱిగినవారికి, ఒక పలకపై అంటించిన రాగిరేకు ముక్క కూడ ఏరియలే యనిన వింతగా తోచును. రాగిరేకు, దాని క్రింద విద్యుత్తును ప్రసరింపనీయని రోధకపు పలక, ఆ పలక అడుగున మరియొక రాగిపొర—ఇంతియే దాని నిర్మాణము.

1952లో అమెరికాలో గ్రీగ్, ఎంగిల్‌మన్ అను ఇంజనీర్లు ఇట్టి పలకపై సన్నని రాగిపట్టీ గుండ రేడియో తరంగములను నడపవచ్చునని ప్రకటించిరి. మరుసటి యేడు డెషాంప్, ఈ నిర్మాణమునే ఏంటెనాగా వాడవచ్చునని సూచించెను. 1955లో ఫ్రాన్సులో పేటెంటు కూడ వచ్చెను. కాని పనికివచ్చు ఏంటెనాలు 1970 దాటినగాని రాలేదు. ఎందువలన?

కండెన్సరు పాఠము జ్ఞప్తికి తెచ్చుకొనుడు. రేకుల నడుమ గాలికి బదులు అభ్రకమును ఉంచిన, ధారణశక్తి పెరుగును. ఆ రోధక స్థిరాంకమే ఇచ్చటను ఏలుచున్నది. రేకు పొడవు, పలకలోని తరంగదైర్ఘ్యమున దాదాపు సగముండవలెను. ఆ దైర్ఘ్యము స్థిరాంకపు వర్గమూలము చొప్పున తగ్గును. 2400 మెగాహెర్ట్జ్ తరంగమునకు గాలిలో సగము 62 మి.మీ.; స్థిరాంకము 2.2 గల టెఫ్లాన్ పలకపై 42, 9.8 గల అల్యూమినా పింగాణిపై 20 మాత్రమే.

అయిన పింగాణియే మేలు కదా యందురేమో! కండెన్సరు క్షేత్రమును పట్టి ఉంచవలెను. ఏంటెనా దానిని విడిచిపెట్టవలెను. స్థిరాంకము హెచ్చిన కొలది క్షేత్రము పలకలోనే చిక్కుకొనును, పనిచేయు పౌనఃపున్యపు పరిధి ఇఱుకగును. పలుచని పలకపై ఆ పరిధి నూటికి ఒకటి రెండు పాళ్లే. స్థిరాంకము నూటికి రెండు పాళ్లు తేడా వచ్చినచో పౌనఃపున్యము ఒక పాలు తప్పును. అంతటితో ఏంటెనా గుఱి తప్పినట్లే. కావున ప్రతి పలకయు ఒకే తీరున ఉండవలెను. ఇంతేగాక, గాజునార, ఎపాక్సీ కలిసిన చౌక పలక నష్టాంకము సుమారు 0.02. దానిపై శక్తిలో చాలభాగము వెలుపలికి పోక వేడియగును.

టెఫ్లాన్‌ను ప్లంకెట్ 1938లోనే కనుగొనెను. కాని మెత్తనిది, వేడికి వ్యాకోచించునది. దానిని గాజునారతో బలపరచి, నష్టాంకము 0.0009 వరకు గల పలకలు చేసిన పిదపనే పని సాగినది. 1970 దశకపు తొలి భాగమున హోవెల్, మన్సన్‌లు ప్రయోగయోగ్యమైన ఏంటెనాలను నిర్మించిరి. మన్సన్‌వి రాకెట్టు ఒంటికి చుట్టదగినవి. రాగిని ఛాయాచిత్ర పద్ధతిన చెక్కు నేర్పు, గణన సిద్ధాంతము కూడ తోడైన మాట నిజమే. నా మట్టుకు పెద్దపీట పలకకే.

నేడు కార్లలో ఉపగ్రహ సంకేతములతో దారి చూపు జి.పి.యస్. పరికరములందు 25 మి.మీ. పింగాణి బిళ్ల తఱచుగా కనబడును. అది 1575.42 మెగాహెర్ట్జ్ వద్ద ఇఱుకు పట్టీని మాత్రమే వినవలెను. కనుక అచ్చట పింగాణి దోషము దోషము కాలేదు.