అద్దె కారులో పుట్టిన ఆట

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అద్దెకు తీసుకున్న బీఎండబ్ల్యూ 520 బయల్దేరింది. నడుపుతున్నది యూ సుజుకి. 1983లో వీడియో గేమ్‌ల కంపెనీ సెగాలో ప్రోగ్రామర్‌గా చేరిన జపాన్ యువకుడు. కారులో వీడియో కెమెరా ఉంది. రోడ్డు నచ్చిన చోటల్లా బండి ఆపడం, కెమెరా చుట్టూ తిప్పి తీసుకోవడం, నోట్సు రాసుకోవడం... ఆ రెండు వారాలూ అదే అతని డ్యూటీ!

అసలు వెళ్లాలనుకున్నది అమెరికాకు. 1981 నాటి ‘కానన్‌బాల్ రన్’ సినిమా చూసి, ఆ దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటే ఆట చేద్దామనుకున్నాడు. కానీ అమెరికా మరీ పెద్దది. ఎంతసేపు నడిపినా చుట్టూ అదే దృశ్యం. అందుకే యూరప్‌కు మళ్లాడు. స్విస్ ఆల్ప్స్ ఎక్కాడు, ఫ్రాన్స్ సముద్రతీరం చుట్టాడు, ఫ్లోరెన్స్ మీదుగా రోమ్ చేరాడు. దారిలో మొనాకోలో ఫెరారీ టెస్టరోసా కంటపడింది. హీరో దొరికాడు!

జపాన్‌కు రాగానే టెస్టరోసా ఉన్న ఓనరును వెతికి పట్టుకున్నారు. కారు చుట్టూ ఐదేసి డిగ్రీల తేడాతో ఫొటోలు తీశారు. ఇంజిన్ చప్పుడు రికార్డు చేసుకున్నారు. ఫెరారీ కంపెనీ అనుమతి మాత్రం తీసుకోలేదు.

చిన్న టీమ్, పది నెలల పని. ప్రోగ్రామింగ్‌లో సింహభాగం సుజుకిదే. చెట్లు, బోర్డులు, దారిలో తగిలే లారీలు అన్నీ చదునైన బొమ్మలే. దూరాన ఉన్నప్పుడు చిన్నగా, దగ్గరికొచ్చేకొద్దీ పెద్దగా చూపించే హార్డ్‌వేర్ సెగా దగ్గరుంది. దాంతో రోడ్డు మన మీదికే దూసుకొస్తున్నట్టుండేది. ఆట యంత్రం పెద్ద మోడల్‌లోనైతే స్టీరింగ్ తిప్పితే సీటుతో సహా క్యాబినెట్టే ఊగేది.

1986 సెప్టెంబరులో ‘అవుట్ రన్’ పేరుతో ఈ ఆట, నాణెం వేసి ఆడే ఆర్కేడ్లకు వచ్చింది. అప్పటికి రేసు ఆటంటే 1982లో నామ్కో తెచ్చిన ‘పోల్ పొజిషన్’. ఫూజీ సర్క్యూట్‌లో ముందు అర్హత ల్యాప్, ఆపైన పోటీ. సుజుకి ఆ లెక్కే మార్చేశాడు. ఇక్కడ ఓడించాల్సింది పక్క కారును కాదు, గడియారాన్ని. బయల్దేరే ముందు కారు రేడియో తిప్పి హిరోషి కవగుచి కట్టిన 3 ట్యూన్లలో ఒకటి ఎంచుకోవాలి. స్టేజీ చివర దారి రెండుగా చీలుతుంది, ఎటు వెళ్లాలో మన ఇష్టం. మొత్తం 15 స్టేజీలు, ఒక ఆటలో చూసేవి 5 మాత్రమే. మిగతావి చూడాలంటే మళ్లీ నాణెం వేయాల్సిందే! సెగాకు ఇది పెద్ద హిట్. 2003లో ‘అవుట్ రన్ 2’ నాటికి ఫెరారీ లైసెన్సూ దక్కింది.

పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ చౌరస్తాలో లారీల మధ్య ఇరుక్కుని, షిఫ్టుకు టైమవుతోందని వాచీ చూసుకునే చిట్కుల్ కార్మికుడికి ఈ ఆట ఎందుకు నచ్చుతుందో విడమరచి చెప్పక్కర్లేదు. ఖాళీ రోడ్డు, నచ్చిన పాట, మనకు నచ్చిన మలుపు! సుజుకి అమ్మింది అదే.

ఒక్క మాట. ఆ ఆటలో కారు పల్టీ కొట్టినా లోపలివాళ్లు దులుపుకుని లేచి కూర్చుంటారు, పోయేది కాస్త టైమే. మన ముంబై హైవే మీద ఆ వెసులుబాటు లేదు. వేగం సరదా ఉంటే తెర మీదే తీర్చుకోండి, బండెక్కితే హెల్మెట్ పెట్టుకోండి.