ఫెలోషిప్ అంటే దయా, కష్టార్జితమా? – పరిశోధక విద్యార్థుల పోరాటాల చరిత్ర



ఈసారి పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. గణపవరం హాస్టల్లో ఉంటున్న మా మధ్య ఈమధ్య ఒకటే చర్చ. డిగ్రీ అయ్యాక పీజీ, ఆ తర్వాత పీహెచ్‌డీ వైపు వెళ్లాలా, లేక గ్రూప్స్, కానిస్టేబుల్ నోటిఫికేషన్ల కోసం కూర్చోవాలా? ఇంట్లోవాళ్లు ఇంకా సూటిగా అడుగుతారు: "ఆ పెద్ద చదువుకి నెలనెలా డబ్బులిస్తారంట కదా, అది ఉద్యోగమేనా?" మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదటివాళ్లం. దీనికి జవాబు చెప్పే పెద్దలు మాకు లేరు. మేమే వెతికి చదివితే తెలిసింది, ఈ ఒక్క ప్రశ్న మీద పెద్ద పెద్ద సమ్మెలే జరిగాయని.

ముందు ఆ పని ఏంటో చూద్దాం. మనకి దగ్గర్లోనే తాడేపల్లిగూడెంలో 2015లో నిట్ వచ్చింది. గేట్ రాసి అలాంటి సంస్థల్లో ఎంటెక్‌లో చేరినవాళ్లకి నెలకి 12,400 రూపాయలు ఇస్తారు. ఊరికే కాదు, వారానికి 8 గంటలు డిపార్ట్‌మెంట్ పని చెయ్యాలి. పీహెచ్‌డీ వాళ్లయితే ల్యాబ్‌లో చిన్న తరగతుల పిల్లలకి ప్రయోగాలు నేర్పడం, పేపర్లు దిద్దడం, గైడ్ ప్రాజెక్టుకి లెక్కలు కట్టడం, ఇలా చాలా చేస్తారు. ఇదంతా పనే. కానీ దానికి వచ్చే డబ్బుని జీతం అనరు. స్టైపెండ్ అంటారు, ఫెలోషిప్ అంటారు.

పేరులో ఏముందిలే అనుకోవద్దు. ఈ కొల్లేరు పక్క చేపల చెరువు పట్టుబడికి వెళ్లే మనిషి కూడా రేటు ముందే మాట్లాడుకుంటాడు. ఇది కూలి అని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇవ్వకపోతే నిలదీస్తాడు. అదే డబ్బుకి సాయం అని పేరు పెడితే? అడిగే గొంతు సగం తగ్గిపోతుంది.

మన ఏజెన్సీ చరిత్రలోనూ ఇదే ఉంది. 1922 రంప పితూరీ అనగానే అల్లూరి సీతారామరాజు గారు, పోలీస్ స్టేషన్ల మీద దాడులు గుర్తొస్తాయి. దాని వెనక ఉన్న కారణాల్లో ఒకటి రోడ్డు కూలి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం – లంబసింగి రోడ్డు పనిలో మన్యం జనంతో చాకిరీ చేయించి సరైన కూలి ఇవ్వలేదు. అంటే చేసిన పనికి లెక్క అడగడం మన తాతల కాలం నుంచీ ఉన్నదే.

యూనివర్సిటీలో చదువుకుంటూ పనిచేసేవాళ్లు సంఘం పెట్టుకున్న పాత ఉదాహరణ అమెరికాలో కనిపిస్తుంది. విస్కాన్సిన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులు 1966లో టీచింగ్ అసిస్టెంట్ల సంఘం పెట్టారు. 1970లో సమ్మె చేసి యాజమాన్యంతో రాతపూర్వక ఒప్పందం సాధించారు. ప్రైవేటు యూనివర్సిటీల్లో మాత్రం కథ ఊగిసలాడింది. అక్కడి కార్మిక బోర్డు 2000లో న్యూయార్క్ యూనివర్సిటీ కేసులో వీళ్లు ఉద్యోగులే అంది. 2004లో బ్రౌన్ యూనివర్సిటీ కేసులో కాదు, విద్యార్థులే అంది. 2016లో కొలంబియా యూనివర్సిటీ కేసులో మళ్లీ ఉద్యోగులే అంది. చేసే పని అదే, పదహారేళ్లలో పేరు మాత్రం అటూ ఇటూ మారింది. ఆ తర్వాత 2022 నవంబరులో కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లన్నిటిలో కలిపి దాదాపు 48,000 మంది సమ్మెకి దిగారు. వాళ్లలో టీచింగ్ అసిస్టెంట్లు, పరిశోధకులు ఉన్నారు. అద్దెలు కట్టలేకపోతున్నాం అన్నది వాళ్ల ముఖ్యమైన మాట. వారాల తరబడి నిలబడి జీతాలు పెంచుకున్నారు.

మన దేశంలో ఏమైంది? 1963లో ఢిల్లీ యూనివర్సిటీ బస్సు డ్రైవర్ల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చదువు చెప్పే సంస్థ పరిశ్రమ కిందకి రాదు, కాబట్టి పారిశ్రామిక వివాదాల చట్టం వర్తించదు అని కోర్టు చెప్పింది. 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఉన్న ధర్మాసనం ఆ తీర్పుని పక్కనపెట్టి యూనివర్సిటీ కూడా పరిశ్రమే అంది. 1988లో సుందరాంబాళ్ కేసులో టీచర్లు మాత్రం ఆ చట్టం చెప్పే "వర్క్‌మెన్" కారు అని తేల్చింది. టీచరే కార్మికుడు కానప్పుడు ఫెలోషిప్ మీద బతికే పరిశోధక విద్యార్థి ఆ వరసలో ఎక్కడుంటాడు? అందుకే మన దగ్గర పరిశోధకుల పోరాటాలు కార్మిక సంఘాల పేరుతో కాక ఎక్కువగా విద్యార్థి సంఘాల పేరుతోనే జరిగాయి.

మనకి సంబంధించిన మలుపు 2005-06. ఎస్సీ, ఎస్టీ పరిశోధకుల కోసం రాజీవ్ గాంధీ నేషనల్ ఫెలోషిప్ మొదలైంది. ఏటా 2,000 మందికి, అందులో ఎస్టీలకి 667. ఇప్పుడు ఎస్టీల ఫెలోషిప్‌ని గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ చూస్తోంది, ఏటా 750 మందికి. మన ఊళ్ల నుంచి పీహెచ్‌డీ దాకా వెళ్లిన చాలామందికి ఇదే ఆధారం. అదే కాలంలో, 2006లో, సెంట్రల్ యూనివర్సిటీల్లో నెట్ ఫెలోషిప్ రానివాళ్లకి కూడా ఎంఫిల్‌కి, పీహెచ్‌డీకి నెలనెలా ఫెలోషిప్ ఇవ్వడం మొదలైంది.

2015 నాటికి ఇది ఎంఫిల్‌కి నెలకి 5,000, పీహెచ్‌డీకి 8,000; ఆ ఏడాది అక్టోబరులో దీన్ని ఇవ్వడం ఆపేస్తామని యూజీసీ నిర్ణయించింది. పెంచమని అడుగుతుంటే అసలుకే తీసేస్తామన్నారు. విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు దగ్గర రోజుల తరబడి బైఠాయించారు. లాఠీ దెబ్బలు తిన్నారు. దేశంలో మిగతా క్యాంపస్‌లు కూడా కదిలాయి. ప్రభుత్వం సమీక్ష కమిటీ వేసింది, ఫెలోషిప్ కొనసాగింది.

అదే ఏడాది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంకో కథ నడిచింది. అయిదుగురు పరిశోధక విద్యార్థుల్ని సస్పెండ్ చేసి హాస్టల్ నుంచి పంపేశారు. వాళ్లు క్యాంపస్‌లోనే ఆరుబయట "వెలివాడ" కట్టుకుని పడుకున్నారు. వాళ్లలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నారు. ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు తనకి రావాలని, అది ఇంటివాళ్లకి అందేలా చూడమని రాసి వెళ్లారు. ఆ లెక్క చదివినప్పుడు మా గదిలో ఎవ్వరం కాసేపు మాట్లాడలేదు. ఫెలోషిప్ మీద ఒక్క విద్యార్థే కాదు, వెనక ఇల్లు కూడా బతుకుతుందని మనకి వేరే చెప్పాలా?

తర్వాత 2018-19లో దేశమంతా పరిశోధకులు ఫెలోషిప్ పెంచాలని రోడ్డెక్కారు. జేఆర్‌ఎఫ్ 25,000 నుంచి 31,000 అయింది. వాళ్లు అడిగింది ఇంకా ఎక్కువే. 2023లో 37,000 చేశారు.

ఇప్పుడు ఇంటివాళ్ల ప్రశ్నకి వద్దాం. అది ఉద్యోగమేనా? చట్టం అవుననడం లేదు. పీఎఫ్ ఉండదు, నెల మొదటి తారీఖున పడుతుందన్న భరోసా ఉండదు, నెలల తరబడి ఆగిన సందర్భాలు ఉన్నాయి. కానీ అది దయ కూడా కాదు. చేసిన పనికి వచ్చే డబ్బు, ముందువాళ్లు కొట్లాడి నిలబెట్టిన డబ్బు. ఇంట్లో ఇలాగే చెప్దాం. ఉన్న కష్టం దాచొద్దు, ఆశ చంపొద్దు.

కాబట్టి పీహెచ్‌డీ వద్దని మేము అనడం లేదు, వెళ్దాం అంటున్నాం. వెళ్లేముందు మూడు పనులు చేద్దాం. ఒకటి, ఏ ఫెలోషిప్ ఎంత, ఎన్నేళ్లు, ఏ కాగితాలు కావాలి అన్నది ఇప్పుడే తెలుసుకుందాం. కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు ఖాతా, ఆధార్‌లో పేరు అన్నీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుందాం. రెండు, చేరిన రోజే అక్కడి మనవాళ్ల సంఘం తలుపు తడదాం. మూడు, డబ్బు ఆగినా, అవమానం జరిగినా ఒక్కరమే లోపల పెట్టుకోవద్దు. రాత్రి ఎంతైనా ఈ గ్రూపులో ఎవరికో ఒకరికి ఫోన్ చెయ్యండి.

పీహెచ్‌డీ చేస్తున్న అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే మీ ఫెలోషిప్ అనుభవం కింద రాయండి. ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఆగింది, ఎవరిని అడిగితే కదిలింది, అన్నీ రాయండి. మా తర్వాత వచ్చే తమ్ముళ్లూ చెల్లెళ్లూ మాలాగా మొదటి నుంచి వెతుక్కోవాల్సిన పని ఉండకూడదు.

జోహార్.