సంచిలో పట్టనివి

ఆర్మూర్‌లో ఫిబ్రవరి అంటే పసుపు. దుంపల్ని ఉడకబెట్టే ఆవిరి వాసన పొలాల మీంచి బడిదాకా వస్తుంది. కల్లాల్లో కాడి ఒక దిక్కు, గోళ ఒక దిక్కు ఆరబోసి ఉంటాయి. తవ్వడానికీ, ఏరడానికీ మహారాష్ట్ర నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. అట్లా ఒక ఏడు ధర్మాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మా ఏడో తరగతిలో కూర్చునేది. అక్కడా తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి భాషతో ఇబ్బంది లేదు. అయినా ఎవరితోనూ మాట్లాడేది కాదు.

నేను సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. శరణార్థుల గురించి చెప్పాలని, ఒక శిక్షణలో నేర్చుకున్న ఆట ఆడించాను. ఐదు నిమిషాల్లో ఇల్లు వదిలి పోవాలి, సంచిలో ఐదు వస్తువులే పడతాయి, ఏం తీసుకెళ్తారు? పిల్లలు ఉత్సాహంగా రాశారు. బంగారం, ఫోటోలు, దుబాయ్ నుంచి నాన్న తెచ్చిన బొమ్మ. ఒక పిల్ల బీడీల చాట అని రాసింది. అది లేకపోతే వాళ్లమ్మకు పని లేదు. ఆ అమ్మాయి కాగితం మాత్రం ఖాళీగా ఉంది. ఎందుకు రాయలేదని అడిగాను.

“గిది ఆటనా టీచర్? మేం ఏటా గిట్లనే వస్తం. ముందుగాల గిన్నెలు కట్టుకుంటం, ఆనక తమ్ముణ్ణి ఎత్తుకుంటం.”

కొందరు నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది. ఊళ్లో స్థిరంగా ఉన్నవాళ్లకే అది ఆట. తరగతిలో అందరూ అట్లాంటివాళ్లేనని నేను ముందే అనుకున్నాను. శరణార్థి అంటే ఎక్కడో దూరాన డేరాలో ఉండే మనిషి, మనం జాలిపడవలసిన మనిషి అని పిల్లలకు చెప్పకుండానే చెప్పాను.

మన భాషలో కాందిశీకుడు అనే మాట ఉంది. ‘ఏ దిక్కుకు పోను?’ అనే ప్రశ్నలోంచి పుట్టిన మాట అది. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. దారిలో వేలమంది చనిపోయారు. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన తెలుగువాళ్లు వాళ్లలో ఎందరో. 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మళ్లీ ఇంకొందరు వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. అదే బర్మా నుంచి వచ్చిన రోహింగ్యాలు మన కాలంలో హైదరాబాద్ బాలాపూర్‌లో గుడిసెలు వేసుకున్నారు. మొదటివాళ్లను మనవాళ్లన్నాం. రెండోవాళ్లను ఏమంటున్నామో పిల్లలకు ఇంట్లోనే వినబడుతుంది.

ఆ సాయంత్రం మా అమ్మను అడిగాను. ఆమె అత్తగారి ఊరు గోదావరి ఒడ్డున ఉండేది. 1963 జూలై 26న నెహ్రూ పోచంపాడులో ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. ఆ జలాశయం కింద ఎన్నో ఊళ్లు మునిగాయి. కాకతీయ కాలువ కరీంనగర్, వరంగల్ పొలాలకు నీళ్లు తీసుకుపోయింది. మా పాఠాల్లో ఆ కాలువ పొడవు ఉంటుంది, మునిగిన ఊళ్ల పేర్లు ఉండవు.

“అమ్మా, వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోలేకపోయినవ్?”

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “నీకన్నా ముందు పుట్టి పోయిన పిల్లను మా చెల్కల పెట్టినం బిడ్డా. ఆ చెల్కకు పైసలిచ్చిండ్రు.”

నాకొక అక్క ఉండేదని నాకు అప్పుడే తెలిసింది. పట్టా నాన్న పేరు మీద ఉంది, పైసలూ నాన్నకే వచ్చాయి. 1894 నాటి భూసేకరణ చట్టం ముఖ్యంగా భూమి ఎవరి పేరున ఉందో చూసింది. ఆ భూమి మీద కూలి చేసి బతికిన ఆడవాళ్ల లెక్క ఎక్కడుంది? 2013లో వచ్చిన కొత్త చట్టంలో గానీ వితంతువుల్నీ, విడాకులు పొందినవాళ్లనీ, కుటుంబం వదిలేసిన స్త్రీలనీ వేరే కుటుంబాలుగా గుర్తించలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కూర్చోబెట్టి అడిగితేనే ఆ చరిత్ర బయటికొచ్చింది. నేను మా ఇంట్లోనే ఇన్నేళ్లు అడగలేదు.

మర్నాడు ప్రశ్న మార్చాను. ‘మీ ఇంట్లో అమ్మనో అమ్మమ్మనో అడగండి. ఊరు మారినప్పుడు వెనక ఏం విడిచి వచ్చారు?’ పెళ్లయి వచ్చిన ప్రతి ఆడదీ ఒక ఊరు విడిచే వచ్చింది కాబట్టి ఏ ఇల్లూ ఖాళీగా ఉండదనుకున్నాను. కథలూ చదివించాను. 2008లో అన్వేషి సంస్థ ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో తెచ్చిన పిల్లల పుస్తకాల్లో గోగు శ్యామల తాటకి ఉంది, ఖదీర్‌బాబు ఇంటి తలకాయ కూర ఉంది. ఆ పిల్లలు మన జాలి అడగరు. తమ ఇంటి సంగతి తామే చెబుతారు.

ఇవన్నీ ఒకటేనని నేను చెప్పలేదు. కూలికి వచ్చిన అమ్మాయికి తిరిగి పోవడానికి ఊరుంది. మా అమ్మ ఊరు నీళ్ల కింద ఉంది. రోహింగ్యాల ఊరు నేల మీదే ఉంది, కానీ పోతే ప్రాణభయం. 1951 అంతర్జాతీయ ఒప్పందం శరణార్థి అన్నది ఈ మూడోవాళ్లనే. ఆ ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. ఈ తేడాలు పన్నెండేళ్ల పిల్లలకు అర్థం కావేమోనని భయపడ్డాను. బాగానే అర్థమయ్యాయి.

ఈసారి ఆ అమ్మాయి కాగితం మీద ఒక వాక్యం ఉంది. ‘మా నానమ్మ నడవలేదు, ఇంటికాడ విడిచిపెట్టినం.’ తనే లేచి చదివింది. ఎవరూ నవ్వలేదు. బీడీల చాట రాసిన పిల్ల తన పక్కన జాగా చేసి పిలిచింది.

పసుపు పని అయిపోగానే వాళ్లు వెళ్లిపోయారు. హాజరుపట్టీలో ఆమె పేరు కొట్టేసి తేదీ వేశాను. ఎక్కడికి పోయిందో రాయడానికి అందులో గడి లేదు. పక్కన పెన్సిలుతో రాసి పెట్టుకున్నాను.