పొగగొట్టంలోని మసి

చలిదేశాలలో ఇంటిని వెచ్చబెట్టే పొయ్యి వంటగదిలో కాక, కుటుంబమంతా కూర్చునే గదిలో ఉంటుంది. అమెరికా, ఇటలీ, ఆస్ట్రియా మొదలైన దేశాలలో నేడు అటువంటి పొయ్యిలు అనేకం రంపపు పొట్టుతో చేసిన గుళికలతో మండుతున్నాయి. గుళిక సుమారు 6 మిల్లీమీటర్ల లావున బలపం ముక్కవలె ఉంటుంది. ఎండిన పొట్టును ఉక్కు అచ్చులోని రంధ్రాల గుండా గట్టిగా నెట్టినప్పుడు పుట్టే వేడికి కొయ్యలోని లిగ్నిన్ మెత్తబడి జిగురువలె పనిచేస్తుంది. తొట్టిలో పోసిన గుళికలను విద్యుత్తుతో తిరిగే మర కొద్దికొద్దిగా ఒక చిన్న ఇనుపగిన్నెలో పడవేస్తుంది. పంకా ఒకటి గాలిని లాగి మంటను రగిలిస్తుంది. ఇంత యంత్రం ఉన్నప్పటికీ బూడిద తీసే పని మాత్రం మనిషికి తప్పలేదు. ఆ పని ఒకప్పుడు ఎవరిమీద పడిందో తెలుసుకోదగినది.

లండను నగరం 17వ శతాబ్దినాటికే కట్టెలకు బదులు రాతిబొగ్గు కాల్చసాగింది. బొగ్గు మంటకు గొట్టం ఇరుకుగా ఉంటేనే పొగ చక్కగా పైకి లాగుతుంది. అందువల్ల 14 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు గల గొట్టాలు గోడల లోపల వంకరలు తిరుగుతూ కప్పుదాకా పోయేవి. వాటిలో మసి పేరుకుంటే పొగ వెనక్కు తన్నేది. మరీ పేరుకుంటే ఆ మసికే నిప్పంటుకొనేది. అంత ఇరుకులో పెద్దవాడు పట్టడు. కనుక పిల్లవాణ్ణి ఎక్కించారు. మోచేతులు, మోకాళ్ళు గోడకు ఆనించి ప్రాకుతూ, వాడు మసి గీకి క్రిందికి రాల్చేవాడు.

1775లో లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ ఈ పనివారి వృషణాల చర్మంపై వచ్చే ఒక రాచపుండును గురించి వ్రాశాడు. చిన్నతనంలో పట్టిన మసియే దానికి మూలమని ఆయన నిర్ణయించాడు. ఒక వృత్తికీ రాచపుండుకూ గల సంబంధాన్ని స్పష్టంగా చూపిన తొలి వైద్యుడుగా ఆయన పేరు నిలిచింది. మసిలో దోషమెక్కడున్నదో తేల్చడానికి మరి 150 ఏళ్ళకు పైగా పట్టింది. 1915లో జపానులో యమగివా, ఇచికావా అనే శాస్త్రజ్ఞులు కుందేళ్ళ చెవులకు నెలల తరబడి తారు పూసి రాచపుండు పుట్టించగలిగారు. 1933లో లండనులో కుక్, ఆయన సహచరులు రెండు టన్నుల తారుముద్దనుండి బెంజోపైరీన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. కట్టె గానీ బొగ్గు గానీ గాలి చాలక సగం కాలినప్పుడు పుట్టే పదార్థాలలో ఇది ఒకటి.

పిల్లలను కాపాడే శాసనాలు రాకపోలేదు. 1788 శాసనం 8 ఏళ్ళలోపు వారిని పనిలో పెట్టుకోరాదన్నది. 1840 శాసనం 21 ఏళ్ళలోపు వారెవరూ గొట్టమెక్కరాదన్నది. అయినా ఎక్కించడం ఆగలేదు. పరికరం లేకనా? కాదు. 1803లోనే జార్జి స్మార్ట్ బోలుకర్రలను ఒకదానికొకటి తగిలించి, కొసన కుంచె అమర్చి, క్రిందనుండే తుడిచే సాధనం చేశాడు. 1828లో జోసెఫ్ గ్లాస్ దానిని మరింత మెరుగుపరచాడు. వంకర గొట్టంలో కుంచె తిరగదనీ, తివాచీలు మాస్తాయనీ ఇంటివారు అడ్డుచెప్పారు. 1875లో కేంబ్రిడ్జి దగ్గరి ఫుల్బోర్న్ ఆసుపత్రి గొట్టంలో జార్జి బ్రూస్టర్ అనే బాలుడు ఇరుక్కొని మరణించాడు. ఆ ఏడాదే ఈ వృత్తివారికి పోలీసుల అనుమతిపత్రం తప్పనిసరి చేస్తూ శాసనం వచ్చింది. దానితో ఆచారం అంతరించింది. తివాచీ విలువ అంత ఎక్కువన్నమాట!

1973లో చమురు ధర హఠాత్తుగా పెరగగా అమెరికాలో ఎందరో మళ్ళీ కట్టెపొయ్యిలు పెట్టుకున్నారు. గాలిని బిగించి, కట్టె నెమ్మదిగా కాలేటట్లు చేసిన పొయ్యిలవి. నెమ్మదిగా కాలిన కట్టె పొగ చల్లని గొట్టం గోడకు జిగట తారుగా అంటుకొంటుంది. ఆ తారు అంటుకొంటే గొట్టమే మండుతుంది. 1980 తర్వాత వాడుకలోకి వచ్చిన గుళికల పొయ్యి ఈ చిక్కును చాలావరకు తగ్గించింది. మేలురకం గుళికలో తేమ నూటికి 10 పాళ్ళు మించదు, బూడిద 0.7 పాలు మించదు. అంటే 15 కిలోల సంచి కాలితే మిగిలే బూడిద 100 గ్రాముల చిల్లర మాత్రమే.

అయితే ఆ కొద్ది బూడిదే గిన్నె అడుగున గాలి వచ్చే సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. అందులోని సిలికా, పొటాషియం లవణాలు వేడికి కరిగి చిట్టెం కడతాయి. గాలి తగ్గగానే చురుకైన పసుపుపచ్చని మంట కాస్తా నల్లని కొసతో సోమరిగా ఊగుతుంది. తలుపు అద్దం మసిబారుతుంది. పాట్ చూసిన మసికి కారణమైన గాలికొరతయే ఇది. దానితోబాటు వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. పంకా పొగను ఒత్తిడితో బయటకు నెడుతుంది కాబట్టి గొట్టం అతుకులలో సందున్నా, తలుపు చుట్టూ ఉన్న పట్టీ అరిగినా ఆ వాయువు గదిలోకి రావచ్చును. పట్టీని పరీక్షించడం సులభం: చల్లారిన పొయ్యి తలుపు సందున కాగితం పెట్టి మూసి లాగితే, అది తేలికగా జారిరాకూడదు.

శుభ్రపరచేముందు పొయ్యి పూర్తిగా చల్లారాలి, విద్యుత్తు తీసివేయాలి. చిట్టెం గీకి, రంధ్రాలు పొడిచి, పొగదారిలోని బూడిదను దులపాలి. పంకానూ గొట్టాన్నీ ఏటా ఒకసారైనా పనితెలిసినవానిచేత తుడిపించడం మంచిది. బూడిదను మూతగల లోహపు డబ్బాలో వేసి ఇంటి బయట, కొయ్య ఏదీ తగలనిచోట ఉంచాలి. నివురుగప్పిన నిప్పంటే ఏమిటో, దాలిలో పాలు కాచిన మనవారికి వేరే చెప్పనక్కరలేదు. చల్లారిందనుకొన్న బూడిదలో నిప్పుకణం రోజులకొద్దీ బ్రతికి ఉండగలదు. మామూలు వాక్యూం క్లీనర్‌తో పీలిస్తే ఆ కణం సంచిలో రాజుకొంటుంది.

కాలకముందే గుళిక ప్రమాదం తేగలదన్న సంగతి ఇటీవలనే బాగా తెలిసింది. కొయ్యలోని కొవ్వు ఆమ్లాలు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి మెల్లగా మార్పుచెందుతూ కార్బన్ మోనాక్సైడ్‌ను విడుస్తాయి. 2006 నవంబరులో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్ రేవులో, కెనడానుండి గుళికలు తెచ్చిన సాగా స్ప్రే అనే ఓడలో సరుకుగది మెట్లదారిలోకి దిగిన నావికుడొకడు మరణించాడు. మంట అన్నది అక్కడ లేనేలేదు. టన్నులకొద్దీ గుళికలు నింపుకొనే ఇళ్ళలో ఆ నిలువగదికి గాలిదారులు పెట్టించేది ఇందుకే. తలుపు తెరచి గాలి బాగా ఆడినదాకా అందులోకి దిగకూడదు.