పరిశ్రమల్లో లోహక్షయం

చుట్టూ ఉన్న తేమ, గాలి, రసాయనాలతో చర్య జరిపి లోహం క్రమంగా హరించుకుపోవడమే లోహక్షయం. ఇనుముకు పట్టే తుప్పు, ఇత్తడికి పట్టే చిలుము అందరూ ఎరిగిన రూపాలు. ఇంటి గేటుకు తుప్పు పడితే గీకి రంగు వేస్తారు. చమురు శుద్ధి కర్మాగారంలోనో విద్యుత్ కేంద్రంలోనో అదే క్షయం గొట్టం లోపల, పూత కింద, అతుకు పక్కన సాగుతుంది. బయటి నుంచి చూస్తే గొట్టం నిక్షేపంగా ఉంటుంది.

జరిగే తీరు

ఖనిజం నుంచి ఇనుమును విడదీయడానికి ఎంతో శక్తి ఖర్చవుతుంది. అలా విడివడిన ఇనుము వీలు దొరికితే మళ్లీ ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. ఆ వీలు కల్పించేది తడి. తడిసిన ఉక్కు ఉపరితలం చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. ఒకచోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి జారుకుంటాయి, అది ఆనోడ్. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా మరోచోటికి చేరి ఆక్సిజన్‌తో, నీటితో కలుస్తాయి, అది కాథోడ్. నీటిలో ఉప్పు ఉంటే ఈ కరెంటు మరింత సులువుగా పారుతుంది. విశాఖపట్నం వంటి తీర నగరాల్లోని కర్మాగారాలకు తుప్పు బెడద ఎక్కువగా ఉండేది ఇందుకే. 1 ఆంపియర్ కరెంటు ఏడాదిపాటు ఉక్కును వదిలి నేలలోకి పోతే సుమారు 9 కిలోల ఇనుము కరిగిపోతుంది.

రకాలు

ఉపరితలమంతా సమానంగా అరిగే క్షయం అంత ప్రమాదకరం కాదు. ఏడాదికి ఎంత మందం తగ్గుతుందో లెక్కగట్టి, గొట్టాన్ని ముందే ఆ మేరకు మందంగా తయారు చేయిస్తారు.

చిక్కంతా ఒకేచోట తొలిచే క్షయంతోనే. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది ఏర్పరిచే పలచని ఆక్సైడ్ పొరే ఆ ఉక్కుకు కవచం. క్లోరైడ్లు ఆ పొరను ఒక్కచోట ఛేదించాయంటే అక్కడ సూది బెజ్జం లాంటి గుంట లోతుగా దిగుతుంది. రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదానికొకటి తగిలి ఉంటే వాటిలో చురుకైనది ముందు తినుకుపోతుంది. లాగుడు ఒత్తిడిలో ఉన్న లోహానికి సరిపడని రసాయనం తగిలితే వెంట్రుకవాసి పగుళ్లు పుడతాయి. వేడి గొట్టాలకు చుట్టిన ఇన్సులేషన్‌లోకి వాననీరు దిగితే, తొడుగు విప్పేదాకా లోపలి తుప్పు ఎవరికీ తెలియదు.

రెండు ప్రమాదాలు

2014 జూన్ 27 తెల్లవారుజామున నాటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో సహజవాయువు పైప్‌లైన్ పగిలి మంటలు ఊరిని చుట్టుముట్టాయి. 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం రూపొందించిన గొట్టంలో తేమతో కూడిన గ్యాస్ పంపడం వల్ల అది లోపలి నుంచి క్షయమైందని విచారణలో తేలింది. గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే కార్బానిక్ ఆమ్లం ఏర్పడుతుంది. బలహీన ఆమ్లమే అయినా మామూలు ఉక్కును తినేయడానికి అది చాలు.

ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరో రసాయన కర్మాగారంలో కథ మరోలా నడిచింది. అక్కడ ఒక రియాక్టర్ మీద పోసిన చల్లబరిచే నీటిలో నైట్రేట్లు ఉన్నాయి. వాటి వల్ల 1974 మార్చిలో ఉక్కు పగిలింది. ఆ రియాక్టర్‌ను తీసేసి, ఆ ఖాళీలో తాత్కాలికంగా ఒక గొట్టం బిగించి ఉత్పత్తి కొనసాగించారు. జూన్ 1న ఆ గొట్టం విరిగి జరిగిన పేలుడులో 28 మంది మరణించారు.

నివారణ

ఇత్తడి గిన్నెకు తగరంతో కళాయి వేయించి అందులో చింతపండు పులుసు కాచడం తెలుగిళ్ల పాత అలవాటు. పులుపుకు, ఇత్తడికి మధ్య తగరం అడ్డుగోడలా నిలిచేది. పరిశ్రమల్లో రెడ్ ఆక్సైడ్, ఎపాక్సీ పూతలు చేసే పనీ అదే. జింకు పూత ఇంకో మెట్టు పైన ఉంటుంది: గీత పడినా ఉక్కు కన్నా ముందు తానే కరిగి ఉక్కును కాపాడుతుంది.

ఈ సూత్రాన్ని 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల మీద ప్రయోగించాడు. నౌకల అడుగున ఉన్న రాగి రేకులకు జింకు, ఇనుప ముక్కలు తగిలించగానే రాగి కరగడం ఆగింది. అయితే సముద్రజీవులను దూరంగా ఉంచేది ఆ కరిగే రాగే. అది ఆగిపోయేసరికి గుల్లజీవులు, నాచు పట్టి నౌకల వేగం మందగించింది. నౌకాదళం ఆ ప్రయత్నాన్ని మానుకుంది. ఉక్కును కాథోడ్‌గా మార్చి కాపాడే ఈ పద్ధతినే కాథోడిక్ రక్షణ అంటారు; ఇప్పుడు భూగర్భ పైప్‌లైన్లకు దాన్నే వాడుతున్నారు. రాగి–కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి కొలిచినప్పుడు ఉక్కు పొటెన్షియల్ −0.85 వోల్టులు గానీ, అంతకన్నా రుణాత్మకంగా గానీ ఉండేలా చూస్తారు.

ఈ రక్షణ గొట్టం బయటి వైపుకే. లోపలి వైపు కోసం గ్యాస్‌ను ముందే ఆరబెడతారు, క్షయ నిరోధక రసాయనాలు కలుపుతారు. బాయిలర్‌కు పంపే నీటి నుంచి ఆక్సిజన్ తొలగిస్తారు. గోడ మందాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో కొలుస్తారు. పొడవాటి పైప్‌లైన్లలోకి ‘పిగ్’ అనే యంత్రాన్ని వదులుతారు. అది ప్రవాహంతో పాటే సాగుతూ, గోడ పలచబడిన ప్రతి చోటునూ అయస్కాంత క్షేత్రంలో వచ్చే తేడాను బట్టి నమోదు చేస్తుంది. ఆ వివరాలను గత తనిఖీ వివరాలతో పోల్చి చూసి, ఏ ముక్కను ఎప్పుడు మార్చాలో ఇంజనీర్లు నిర్ణయిస్తారు.