పదకొండో నంబరు

అర్ధరూపాయి బిళ్ల నీ గుప్పిట్లో చెమటకి తడిసిపోయింది. తాటాకు పందిరి ముందు నిలబడి ఉన్నావు. లోపల్నుంచి సొల్యూషన్ వాసన వస్తోంది. సైకిల్ షాపు బాబాయి గాలి కొట్టిన ట్యూబుని సత్తుబేసిన్లో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తున్నాడు. నీ వైపు చూడడు. నువ్వూ ఆయన్ని చూడటం లేదు. వెనక మడ్‌గార్డుల మీద తెల్ల పెయింటుతో రాసిన నంబర్లు చూస్తున్నావు.

నీకు పదేళ్లు. ఎనభైల్లో ఒక జూన్ నెల. కృష్ణా డెల్టాలో మీ అమ్మమ్మగారి ఊరు. బడులు తెరిచేస్తున్నారు. ఇప్పుడు దొరక్కపోతే మళ్లీ దసరా సెలవులకే.

"ఏడు ఉందా బాబాయ్?"

"పోయింది."

"నాలుగు?"

"అదీ పోయింది. పదకొండుంది. కావాలంటే తీస్కెళ్లు."

నీ పక్కనున్న బావ ముఖం మాడ్చాడు. ఈ ఊరి పిల్లలకి పదమూడో ఎక్కం రాకపోవచ్చుగానీ ఈ నంబర్ల జాతకాలు మాత్రం కంఠతా వచ్చు. ఏడు, తొక్కకుండానే పోతుంది. నాలుగు, సీటు కింద స్ప్రింగు తొడ పట్టుకుని గిల్లుతుంది, ఓర్చుకోవచ్చు. తొమ్మిదికి చైను వదులు, వేలికి మసి అంటకుండా ఇంటికి వెళ్లినవాడు లేడు. పదకొండు సంగతి ఎవరూ మాట్లాడరు. ఏదీ దొరకనప్పుడే అది దొరుకుతుంది.

మిగతావాటికి ముందు బిళ్లలైనా ఉంటాయి. లుధియానా హీరో, మద్రాసు హెర్క్యులస్, భూగోళాన్ని మోస్తున్న మనిషితో సోనేపట్ అట్లాస్. ఆ అట్లాస్ ఆఖరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడుతుందని ఇప్పుడెవరైనా చెప్తే నవ్వుతావు. సైకిళ్లు లేకుండా పోవడమేమిటి? పదకొండుకి మాత్రం బిళ్ల ఊడిపోయి రెండు చిల్లులు మిగిలాయి. ఎవరు చేశారో తెలియదు.

బాబాయి అర్ధరూపాయి అందుకుని గోడ గడియారం చూసి నోటుబుక్కులో రాస్తాడు. నాలుగు. గంటకి అర్ధరూపాయి. అందులో పావలా నీది, పావలా బావది. చెరో అరగంట. ముందు బావ.

అక్కడే మోసం జరిగింది. కాలువ లాకుల దగ్గర, వంతెన పిట్టగోడ మీద కూర్చుని నువ్వు ఎదురుచూస్తున్నావు. బ్యారేజీ నుంచి నీళ్లు వదిలి ఎన్నో రోజులు కాలేదు. మొన్నటిదాకా మేకలు తిరిగిన కాలువలో ఇప్పుడు ఎర్రనీళ్లు సుడులు తిరుగుతూ, ఎండాకాలపు చెత్తనంతా మోసుకుపోతున్నాయి. బావ జాడ లేదు. అల్లంత దూరాన తోసుకుంటూ వచ్చేసరికి ఎండ వాలిపోయింది.

"చైను పడిందిరా," అంటాడు. అతని చేతులు చూస్తావు. శుభ్రంగా ఉన్నాయి.

పోట్లాడే టైము లేదు. ఐదింటి బస్సు ఈ వంతెన దాటేలోపు సైకిల్ షాపులో ఉండాలి. లేకపోతే రెండో గంట డబ్బులు. నీ దగ్గర పైసా లేదు. గట్టు దారిన తొక్కితే అందుకోగలవు.

తొక్కుతావా, తోసుకెళ్తావా?

తొక్కుతావు. వచ్చిందే దానికి.

ఇరవై కిలోలు దాటిన ఇనుము. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రం. సీటు నీ ఛాతీ దగ్గరుంది. ఎక్కి కూర్చుంటే కాళ్లు పెడళ్ల దాకా రావు. అందుకే ఎడమ పెడలు మీద ఎడమ కాలేసి, కుడికాలిని బారు కిందనుంచి, ఫ్రేము సందులోంచి దూర్చి అవతలి పెడలు అందుకుంటావు. ఎడమచెయ్యి హ్యాండిల్ మీద. కుడిచేత్తో బారు పట్టుకుని వేలాడతావు. ఒళ్లంతా ఎడమవైపు, సైకిలు కుడివైపు ఒరిగి. చూసేవాళ్లకి నువ్వు సైకిలు తొక్కుతున్నావో, సైకిల్ నిన్నెత్తుకుపోతోందో అర్థం కాదు. కుడి పిక్క పళ్లచక్రానికి రాసుకుని నల్లటి పళ్లగుర్తులు పడుతున్నాయి. సబ్బుతో పోవు. కిరసనాయిలుతో పోతాయి.

"ఒరేయ్, హ్యాండిలు బెత్తెడు ఎడమకి పెట్టు!" వెనకనుంచి బావ అరుస్తాడు. "అప్పుడే తిన్నగా పోద్ది!"

ఎందుకంటే ఎప్పుడో ఎవడో పడేశాడు. హ్యాండిలు మెలితిరిగింది. కళ్లకి ఎడమకి పోతున్నట్టుంటుంది, చక్రం నేరుగా పోతుంది. కళ్లని నమ్మకూడదు. పెడలు పైకొచ్చినప్పుడల్లా 'టక్' మంటుంది. కాటర్ పిన్ను అరిగిపోయింది. తొక్కు, టక్. తొక్కు, టక్. ఆ చప్పుడే లెక్కగా పెట్టుకుని తొక్కుతావు. వంతెన నడినెత్తి దాటావు.

ఇక పల్లం.

టక్ ఆగిపోయింది. నువ్వు తొక్కడం లేదు. ఫ్రీవీల్ చిటచిటమంటోంది. చొక్కా గాలికి ఉబ్బింది. పల్లం దిగగానే దారి కాలువ గట్టు మీదికి తిరుగుతుంది. కుడిపక్క కాలువ. ఎడమపక్క పొలంలోకి జారే వాలు, తుమ్మచెట్లు.

ఎదురుగా ఎడ్లబండి.

దుక్కులకి ముందు పొలాలకి పశువుల ఎరువు తోలే రోజులివి. బండి నిండా ఎరువు. ఇంత బరువుతో గట్టు అంచుకి వెళ్తే మట్టి కుంగుతుంది. అందుకే బండాయన ఎడ్లని పొలం వైపుకి లాగాడు. నీ ఎడమంతా మూసుకుపోయింది. నీకు మిగిలింది కాలువ వైపు సందు. రెండు మూరలుంటుందేమో.

బ్రేకు.

ఎడమచేతి బ్రేకు నొక్కుతావు. అది వెనక చక్రానిది. కడ్డీ ఊగింది, అంతే. చక్రం దగ్గర రబ్బరు లేదు.

కుడి బ్రేకు ముందు చక్రానిది. ఆ చెయ్యి బారు మీదుంది. బారు వదిలితే పడతావు. వదిలి నొక్కావే అనుకో, ఈ పల్లంలో ముందు చక్రం ఆగి వెనకది లేస్తుంది. బావ ముందుపన్ను సగమే ఉంది. ఎందుకో ఇప్పుడు గుర్తొస్తోంది.

కాలు. ఎడమకాలు పెడలు మీంచి తీసి నేలకి రాస్తావు. దుమ్ము లేచింది. హవాయి చెప్పు పట్టీ తెగింది. చెప్పు వెనకెక్కడో పడిపోయింది. స్పీడు తగ్గలేదు.

"తప్పుకో! తప్పుకోరా!" బండాయన లేచి నిలబడ్డాడు.

ఎద్దు కళ్లు కనిపిస్తున్నాయి.

భయమేసింది. భయంలో హ్యాండిల్ తిన్నగా పెట్టావు.

తిన్నగా పెట్టావు.

చక్రం కుడికి తిరిగింది. గట్టు అంచు. గడ్డి. కింద ఎర్రనీళ్లు. గబుక్కున ఎడమకి లాగావు. సైకిలు కుడికి తూలింది. కాలువలోకి ఒరుగుతోంది. ఇంకా ఎడమకి లాగాలనిపిస్తోంది. చెయ్యి అదే అంటోంది. ఒళ్లంతా అదే అంటోంది.

ఎటు పడుతుంటే అటే తిప్పాలి. సైకిల్ పట్టుకున్న మొదటిరోజు బావ నెత్తిమీద మొట్టి మరీ చెప్పిన మాట. పడేవైపు తిప్పితే చక్రాలు వచ్చి నీ బరువు కిందికి చేరతాయి. అవతలికి తిప్పితే బరువు అలాగే పోతుంది.

పడుతున్నది కాలువలోకి.

కాలువ వైపే తిప్పు.

తిప్పావు. కొంచెం. నీళ్లు ఇంకా దగ్గరికొచ్చాయి. సైకిలు లేచింది. నిలబడింది. ఇప్పుడు ఎడమకి. మెల్లగా. బెత్తెడు. బెత్తెడే.

ఎద్దు ఊపిరి మెడకి తగిలింది. కొమ్ముకి కట్టిన గంట మోచేతికి కొట్టుకుంది. బండిచక్రం. ఎరువు వాసన.

దాటేశావు.

వెనక బండాయన మీ నాన్ననీ తాతనీ కూడా వదలకుండా తిడుతున్నాడు. ఎవరి మనవడివో తెలుసు కాబట్టి పేర్లతో సహా తిడుతున్నాడు. పల్లం అయిపోయి, గట్టు మీద మెత్తటి దుమ్ములో సైకిలు వేగం చచ్చింది. సరిగ్గా అప్పుడు, ఏ అవసరమూ లేనప్పుడు, పడతావు. ఎడమవైపు, దభీమని. మోకాలు చెక్కుకుపోయింది. కారుతున్న నెత్తురు మీద ఇంత దుమ్ము చల్లి లేస్తావు. మోకాలు సంగతి సరే, సైకిలుకి ఏమైంది?

పుల్లలు చూస్తావు. బాగానే ఉన్నాయి. చైను పడింది. పళ్లచక్రానికి కిందనుంచి తగిలించి పెడలు చేత్తో వెనక్కి తిప్పితే ఎక్కింది. ముందుకెళ్లి హ్యాండిల్ చూస్తావు.

తిన్నగా ఉంది.

పడ్డ దెబ్బకి హ్యాండిలు చక్రంతో సమానంగా వచ్చి కూర్చుంది. పదకొండో నంబరుకి ఇంత అందమైన హ్యాండిలుని ఈ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. బాబాయి చూస్తే ఒక్క చూపులో పట్టేస్తాడు, పడేశావని. రిపేరు డబ్బులంటాడు. అమ్మమ్మకి చెప్తాడు.

ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుంటావు. చెక్కుకుపోయిన చోట టైరు రాసుకుని ప్రాణం లేచిపోతోంది. రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుని మెలిపెడతావు. కదలదు. ఇంకోసారి. కిర్రుమంది. బెత్తెడు ఎక్కువైంది. కొంచెం వెనక్కి. ఒక కన్ను మూసి చూస్తావు. సరిగ్గా ఎప్పటి వంకరే.

షాపు దాకా తోసుకుంటూ పరుగు. ఒక కాలికే చెప్పు.

బాబాయి వెనక చక్రం ఎత్తి తిప్పి చూస్తాడు. చైను లాగి చూస్తాడు. హ్యాండిలు దగ్గర ఆగుతాడు. నువ్వు ఊపిరి తీయవు. గడియారం చూసి నోటుబుక్కులో గీత కొట్టేస్తాడు.

"ఇంకొకళ్లెవరు?"

నీకంటే చిన్నవాడొకడు గుప్పిట బిగించుకుని నిలబడి ఉన్నాడు. "ఏడు లేదా?" అని ఏడుపు ముఖం పెట్టాడు. పదకొండు తీసుకుంటున్నాడు.

"ఎడమ బ్రేకు లేదు," అంటావు వాడితో, బాబాయికి వినపడకుండా. "హ్యాండిలు బెత్తెడు ఎడమకి. కాలువ గట్టుకి మాత్రం పోకు."

దూరంగా వంతెన మీద ఐదింటి బస్సు హారను. ఆ వెనకే బావ, నీ రెండో చెప్పు చేత్తో ఊపుకుంటూ పరిగెత్తుకొస్తున్నాడు. రొప్పుతూనే అడుగుతాడు:

"రేపటికి పావలా ఉందా?"